ఎక్కడి విషం ఎక్కడ తేలుతుంది? పొరుగు దేశాలు కలిసి ఎందుకు కొలవాలి?

ఉత్తర కెనడాలోని నునావిక్‌లో ఫ్యాక్టరీ పొగగొట్టాలు లేవు, పురుగుమందు కొట్టే పొలాలు లేవు. ఆ మంచునేల మీద ఇన్యూట్ ప్రజలు సీల్‌ని, తిమింగలాన్ని, చేపల్ని వేటాడి తింటారు. 1980ల మధ్యలో ఎరిక్ దెవాయీ అనే క్యుబెక్ పరిశోధకుడు తల్లిపాలలో రసాయనాలు ఏ మేరకు ఉన్నాయో పరీక్షిస్తున్నారు. దక్షిణ క్యుబెక్ తల్లుల పాలతో పోల్చి చూడటానికి కలుషితం కాని పాలు కావలసి వచ్చాయి. అంత దూరాన, అంత ఏకాంతంగా ఉన్న నునావిక్ కన్నా శుభ్రమైన చోటు ఇంకేముంటుందని అక్కడి తల్లుల పాలు తెప్పించారు. ఫలితం తలకిందులైంది. పి.సి.బి.లనే పారిశ్రామిక రసాయనాలు దక్షిణాది తల్లుల పాలకన్నా ఇన్యూట్ తల్లుల పాలలో సుమారు ఐదు రెట్లు ఎక్కువగా తేలాయి.

పి.సి.బి.లు ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో నూనెగా పోసేవి. వాటిని తయారుచేసిందీ, వాడుకుని లాభపడిందీ ఎక్కడో నగరాల్లో ఉన్నవాళ్లు. బిడ్డకు పాలతోపాటు వాటిని కూడా పట్టాల్సి వచ్చింది మాత్రం వాటి పేరు కూడా వినని తల్లులకు. ఈ అన్యాయాన్ని చూశాకే ఉత్తరార్ధగోళంలో ప్రభుత్వాలు కొలతల కోసం చేతులు కలపడం జోరందుకుంది.

అంత దూరం ఎలా వెళ్లాయి?

ఈ జాతి రసాయనాలకు మూడు గుణాలున్నాయి. ఎండకూ నీటికీ సూక్ష్మజీవులకూ అంత తేలిగ్గా లొంగవు, ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. వేడి తగిలితే కొద్దికొద్దిగా ఆవిరవుతాయి. అన్నం గిన్నెలో లేచిన ఆవిరి చల్లటి మూతకు తగిలి చుక్కలు కట్టినట్టే, వెచ్చటి దేశాల్లో గాలిలోకి లేచిన ఈ విషాలు చల్లటి దేశాలకు చేరి నేల మీదికి దిగుతాయి. ఒక్క గెంతులో వెళ్లనక్కర్లేదు. వేసవిలో లేచి, చలికాలంలో దిగి, మళ్లీ లేచి, మజిలీలు చేసుకుంటూ ధ్రువం దాకా పోతాయి. అక్కడ నాచులోంచి చిన్న చేపకు, చిన్న చేపలోంచి పెద్ద చేపకు, దానిలోంచి సీల్‌కు, సీల్ కొవ్వులోంచి మనిషికి వెళ్తూ మెట్టు మెట్టుకూ చిక్కబడతాయి.

దీనికి గట్టి రుజువుల్లో ఒకటి మన పక్కనే దొరికింది. తమిళనాడులో పరంగిపేట్టై దగ్గర సముద్రంలో కలిసే వెళ్లారు నది పరివాహకంలోని వరిచేలను అన్నామలై విశ్వవిద్యాలయం, జపాన్‌లోని ఎహిమె విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి పరిశీలించారు. అప్పట్లో అక్కడ చల్లుతున్నది హెచ్.సి.హెచ్. మన పాతతరం రైతులు బి.హెచ్.సి. పొడి అనీ గమాక్సిన్ అనీ పిలిచింది దాన్నే. చల్లిన మందులో 99.6 శాతం గాలిలోకే పోయిందనీ, నది వెంట సముద్రంలో కలిసింది 0.4 శాతమేననీ 1991లో వారు లెక్క తేల్చి ప్రచురించారు. పొలానికి వేశామనుకున్న మందు నిజానికి గాలికి వేసినట్టయింది. భారతదేశం ఆ మందును 1997లో నిషేధించింది.

ఎవరి గాలి వాళ్లు కొలుచుకుంటే సరిపోదా?

సరిపోదు. అమెరికా, కెనడాల మధ్యనున్న సుపీరియర్ సరస్సులో ఐల్ రాయల్ అనే దీవి ఉంది. ఆ దీవి మధ్యలో సిస్కివిట్ అనే మరో సరస్సు, అదీ సుపీరియర్ నీటిమట్టం కన్నా ఎత్తులో. కింది నీరు పైకి ఎక్కదు, దగ్గర్లో ఫ్యాక్టరీ లేదు, సేద్యం లేదు. అయినా ఆ సరస్సు చేపల్లో పి.సి.బి.లు, టాక్సాఫీన్ కనిపించాయి. టాక్సాఫీన్ అమెరికా దక్షిణాది పత్తిచేలలో కొట్టిన మందు. చేపను పరీక్షించినంత మాత్రాన ఏ పత్తిచేను నుంచి వచ్చిందో తెలియదు. దారి పొడవునా గాలిని కొలిస్తేనే జాడ దొరుకుతుంది. ఆ దారి సరిహద్దులు దాటి పోతుంది.

అందుకే 1990లో అమెరికా, కెనడా కలిసి మహాసరస్సుల చుట్టూ గాలి, వాన నమూనాలు తీసే ఉమ్మడి కేంద్రాలు పెట్టాయి. 1991లో ఆర్కిటిక్ చుట్టూ ఉన్న ఎనిమిది దేశాలు తమ ఉమ్మడి పరిశీలన కార్యక్రమం మొదలుపెట్టాయి. 1994లో ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంతోపాటు కెనడా, అమెరికా, మెక్సికోలకు మాంట్రియల్‌లో ఒక పర్యావరణ సహకార సంఘం ఏర్పడింది. సరుకుకు సరిహద్దు తలుపులు తెరిచినవాళ్లు, ఆ సరుకు వెంట వచ్చే కాలుష్యానికీ ఉమ్మడిగా జవాబు చెప్పాలన్నది దాని వెనకున్న ఆలోచన. నా దృష్టిలో ఆ ఒప్పందంలో అన్నిటికన్నా న్యాయమైన భాగం అదే.

ఆ సంఘం చేయించిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. బారీ కామనర్ బృందం మూడు దేశాల్లోని డయాక్సిన్ అనే విషం వెలువడే దాదాపు 44 వేల వనరుల జాబితా వేసింది. చెత్త కాల్చే కొలుములు, సిమెంటు బట్టీలు, రాగి కరిగించే ఫ్యాక్టరీలు, పెరట్లో చెత్త తగలబెట్టడం, అన్నీ అందులో ఉన్నాయి. వాతావరణ లెక్కలతో ఒక్కో వనరు నుంచి, నునావిక్ లాగే ఉత్తర కెనడాలో ఉన్న నునావుట్‌లోని ఇన్యూట్ ప్రాంతాలకు ఎంత చేరుతుందో గణించింది. చేరేదాంట్లో 70 నుంచి 82 శాతం అమెరికా నుంచే వస్తోందని తేలింది. నునావుట్ సొంత వనరులు నామమాత్రం. ఏ దేశమైనా తన జాబితా దాచుకుని ఉంటే ఈ లెక్క తేలేది కాదు. నునావుట్ ఎంత కష్టపడి తన గాలిని కొలుచుకున్నా, విషం తన ఒంట్లో ఉందని తెలిసేదే గానీ, ఎవర్ని అడగాలో తెలిసేది కాదు.

ఇంతకీ ఎలా కొలుస్తారు?

గాలిలో ఈ రసాయనాలుండేది పికోగ్రాముల్లో. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. మహాసరస్సుల కేంద్రాల్లో పన్నెండు రోజులకోసారి, 24 గంటల పాటు, పంపుతో గాలిని లాగి వడపోత కాగితం గుండా, రసాయనాన్ని పట్టుకునే పదార్థం గుండా పంపుతారు. కరెంటు లేని చోట ఇంకా సులువైన పద్ధతి ఉంది. ఎదురెదురుగా అమర్చిన రెండు ఉక్కు గిన్నెల నడుమ ఒక స్పాంజి బిళ్లను వేలాడదీసి సుమారు మూడు నెలలు వదిలేస్తారు. గాలి తనంతట తాను వచ్చి పోతుంటుంది, స్పాంజి విషాన్ని పీల్చుకుంటుంది. 2004 చివర్లో కెనడా శాస్త్రవేత్తలు ఇలాంటి గిన్నెలనే ఖండఖండానికీ పంపి లోకమంతటి గాలినీ ఒకే పద్ధతిలో కొలవడం ప్రారంభించారు.

అసలు కష్టం గాలిని పట్టడంలో లేదు, రెండు ల్యాబులు ఒకే నమూనాకు ఒకే సంఖ్య చెప్పడంలో ఉంది. ఇంత సూక్ష్మమైన కొలతలో పనివాడి చేతి మురికి, ల్యాబు గోడ రంగు కూడా లెక్క తప్పిస్తాయి. అందుకని ప్రతి విడతలోనూ ఒక ఖాళీ వడపోతను తెరవకుండా కొలిచే చోటిదాకా తీసుకెళ్లి తిరిగి తెచ్చి పరీక్షిస్తారు. దానిలో విషం కనిపిస్తే అది దారిలో అంటుకున్నదే. ఒంటారియో సరస్సు ఒడ్డున పాయింట్ పీటర్‌లో కెనడా పరికరం, అమెరికా పరికరం పక్కపక్కనే పెట్టి, ఒకే గాలిని రెండూ ఎలా చదువుతున్నాయో సరిచూశారు. ఈ పని పత్రికలకెక్కదు, దీనికి బహుమతులూ ఉండవు. కానీ ఇది లేకపోతే, మీ దేశపు సంఖ్య ఎక్కువ, మా దేశపు సంఖ్య తక్కువ అనే వాదన ఏళ్లు గడిచినా తేలదు.

మనుషుల్లో కొలవడానికి తల్లిపాలను ఎంచుకోవడానికి కారణం వాటిలోని కొవ్వు. సూది గుచ్చకుండానే తల్లి ఒంట్లో ఏముందో తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం జరిపే సర్వేలో తొలి కాన్పు తల్లుల పాలే తీసుకుంటారు, ఎందుకంటే ప్రతి బిడ్డతోనూ తల్లి ఒంట్లో నిల్వ కొంత తగ్గుతుంది. కనీసం యాభై మంది పాలు కలిపి ఒకే నమూనాగా జర్మనీలోని ఫ్రైబర్గ్ ల్యాబుకు పంపుతారు. ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ ఫలితాలు చదివి ఏ తల్లీ పాలివ్వడం మానకూడదు. తల్లిపాల మేలు వీటి కీడును మించినదని ఆ సర్వే చేసేవాళ్లే చెబుతున్నారు. మారాల్సింది పాలు కాదు, పాలలోకి విషం వచ్చే దారులు.

కొలిచినందువల్ల ఒరిగిందేమిటి?

మెక్సికో సంగతి చూడండి. డి.డి.టి. వాడకాన్ని అమెరికా 1972లోనే నిషేధించింది. మెక్సికో మాత్రం మలేరియా దోమ కోసం ఇళ్ల గోడల మీద కొడుతూనే ఉంది. నీ వల్లే మా సరస్సులు పాడవుతున్నాయని వేలు చూపితే మెక్సికో ఊరుకునేది కాదు, ఎందుకంటే మలేరియాతో చచ్చేది తన పిల్లలు. మూడు దేశాలూ కూర్చుని 1997లో ఒక ఉమ్మడి ప్రణాళిక వేసుకున్నాయి. ఐదేళ్లలో వాడకాన్ని 80 శాతం తగ్గించాలన్నది గురి. ఊరూరా అన్ని గోడలకూ కొట్టే బదులు, మలేరియా మళ్లీ మళ్లీ వస్తున్న ఇళ్లను గుర్తించి వాటి మీద దృష్టి పెట్టారు. దోమ గుడ్లు పెట్టే వాగుల్లోని నాచును ఊరివాళ్లే తీసేశారు. అవసరమైన చోట వేరే మందులు వాడారు. 2000 నాటికి మెక్సికో డి.డి.టి.ని పూర్తిగా మానేసింది. ఆ అనుభవాన్ని తర్వాత మధ్య అమెరికా దేశాలూ అందిపుచ్చుకున్నాయి.

నమూనాల్ని దాచుకోవడం వల్ల కూడా మేలు జరిగింది. మహాసరస్సుల ఒడ్డున గూళ్లు కట్టే హెరింగ్ గల్ పక్షుల గుడ్లను కెనడా 1970ల నుంచీ ఏటా సేకరించి, కొన్నిటిని గడ్డకట్టించి భద్రపరుస్తోంది. సోఫాల్లో, టీవీల్లో మంట అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాల మీద అనుమానం వచ్చినప్పుడు ఆ పాత గుడ్లు బయటికి తీశారు. 1981 నుంచి 2000 దాకా ఆ రసాయనాలు ఏటేటా ఎలా పెరిగాయో గుడ్లు బయటపెట్టాయి. సేకరించిన నాటికి ఆ రసాయనాల గురించి పెద్దగా ఎవరికీ పట్టింపు లేదు.

ఈ జాతి రసాయనాలను అరికట్టేందుకు 2001లో కుదిరి, 2004లో అమల్లోకి వచ్చిన స్టాక్‌హోం ఒప్పందానికి ఇలాంటి కొలతలే పునాది. మొదట పన్నెండు రసాయనాలతో మొదలైన దాని జాబితా ఇప్పుడు ముప్పై దాటింది. ఒప్పందం పనిచేస్తోందో లేదో తేల్చడానికి ప్రపంచాన్ని ఐదు ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతం గాలినీ తల్లిపాలనూ కొలిచి నివేదిక ఇవ్వాలన్నారు. ఆసియా, పసిఫిక్ దేశాలు ఒక ప్రాంతం. మనం అందులో ఉన్నాం.

మన ఊళ్లకు దీనితో ఏం పని?

భారతదేశం ఈ ఒప్పందాన్ని 2006లో ఆమోదించింది. నాగపూర్‌లోని నీరీ సంస్థ ఆసియాలో దీని ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి. జాబితాలో కొత్తగా చేరిన రసాయనం మనకు దానంతటదే వర్తించదు, కేంద్రం విడిగా ఒప్పుకోవాలి. 2020లో అలా ఏడింటిని ఒప్పుకుంది. 2025లో జెనీవాలో జాబితాకెక్కిన వాటిలో మనకు బాగా తెలిసిన పేరొకటి ఉంది: క్లోరిపైరిఫాస్. పత్తికీ వరికీ కొట్టే మందు, ఇంటి పునాదుల్లో చెదలకు పోసే మందు. ఎవరూ చల్లని ఆర్కిటిక్‌లో అది దొరకడం కూడా దాన్ని జాబితాకెక్కించిన కారణాల్లో ఒకటి. కొన్ని పంటలకు, కొన్ని పురుగులకు గడువుతో మినహాయింపులు ఇచ్చారు.

ఆ గడువు మనకు చాలా విలువైనది. ఒక మందు ఆగిపోయాక దాని మోతాదు గాలిలో, పాలలో తగ్గిందో లేదో చెప్పాలంటే, ఆగకముందు ఎంత ఉందో తెలియాలి. బి.హెచ్.సి. విషయంలో వెళ్లారు లెక్క ఉన్నట్టు, గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ తెలంగాణ పత్తి నేలల్లోనూ క్లోరిపైరిఫాస్‌కు ఒక లెక్క ఉండాలి. శ్రీలంక, బంగ్లాదేశ్, నేపాల్ కూడా అదే గిన్నె, అదే స్పాంజి, అదే పద్ధతితో అదే కాలంలో కొలవాలి. నైరుతి గాలి ఎవరి పొలం మీదుగా ఎవరి ఊరికి పోతుందో అప్పుడే తెలుస్తుంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు, కాలుష్య నియంత్రణ మండళ్లకు ఇది మించిన పని కాదు. అవి ఈ పనిని మందు మార్కెట్‌లో ఉండగానే మొదలుపెట్టాలి, వచ్చిన సంఖ్యల్ని జనం ముందు పెట్టాలి.