మీకు తెలుసా? గిన్నె కింద గిలక్కాయ

అమ్మ కొంగుతో ముఖం దాచుకుని, తీసి "బూ" అనగానే పాప కిలకిల నవ్వుతుంది. ఆ నవ్వు వెనుక పసిమెదడు చాలా పెద్ద పని చేస్తోంది: కంటికి కనబడనిది కూడా ఎక్కడో ఉంటుందని నేర్చుకుంటోంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జా పియాజే తన ముగ్గురు పిల్లల ఆటలనే ఓపిగ్గా గమనించి 1930ల్లో ఈ సంగతి రాశారు. గుడ్డ కింద దాచిన వస్తువును పిల్లలు సుమారు 8 నెలలకు వెతకడం మొదలుపెడతారని ఆయన గుర్తించారు. ఆ ఎరుక అంతకన్నా ముందే ఉంటుందని తర్వాతి పరిశోధకులు కొందరు అంటారు.

మీరూ ఆడి చూడండి. పాప చూస్తుండగా గిలక్కాయను తువ్వాలు కింద, మొదట సగం కనబడేలా పెట్టండి. లాగేస్తే పూర్తిగా కప్పండి. ఆపై రెండు స్టీలు గిన్నెలు బోర్లించి, ఒకదాని కిందే నాలుగైదు సార్లు దాచండి. తర్వాత పాప కళ్లెదుటే రెండో గిన్నె కిందకు మార్చండి. 8–12 నెలల పిల్లలు చాలామంది పాత గిన్నెనే ఎత్తుతారు! కంగారు పడకండి, ఆ వయసుకు అది సహజం. వస్తువు దొరకగానే దాని పేరు చెప్పండి, మాటలూ వస్తాయి.

దాచేది నోట్లో పట్టనంత పెద్దదై ఉండాలి. సెనగలు, బటన్ సెల్లులు ఎంతమాత్రం వద్దు.