నాన్న లీవు... పిల్లల వేసవి

ఏప్రిల్‌ ఆఖరివారం వచ్చిందంటే చాలు... కొండాపూర్‌, గచ్చిబౌలి, మాదాపూర్‌ అపార్ట్‌మెంట్లలో ఒకటే హడావుడి. ఊటీకా, కులూమనాలికా, సింగపూర్‌కా? ఏ లిఫ్టులో విన్నా ఇవే కబుర్లు. అదే అపార్ట్‌మెంట్‌లో ఏ మూడో అంతస్తులోనో ఉండే ఫౌజీ ఇంట్లో మాత్రం మాటలన్నీ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగుతాయి. ‘లీవు సాంక్షనయిందా?’

మిగతా ఇళ్లలో వేసవంటే ఇంటికి తాళం వేసి వెళ్లడం. ఆ ఇంట్లో వేసవంటే నాన్న రావడం.

హైదరాబాద్‌లో సైనిక కుటుంబాలనగానే సికింద్రాబాద్‌ కంటోన్మెంట్‌, తిరుమలగిరి, బొల్లారం గుర్తొస్తాయి. హైటెక్‌సిటీ ఎవరికీ గుర్తురాదు. కానీ అక్కడికి కాస్త దూరంలోనే గోల్కొండ దగ్గర 1962 నుంచీ ఆర్టిలరీ సెంటర్‌ ఉంది. కూకట్‌పల్లిలో నౌకాదళం, వైమానికదళం వాళ్ల జలవాయు విహార్‌ ఉంది. 1998 నవంబరులో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమయ్యాక ఇంకో రకం ఫౌజీ ఇళ్లు కూడా ఇటువైపు వెలిశాయి. భర్త సరిహద్దులో, భార్య సాఫ్ట్‌వేర్‌ కంపెనీలో. ఫీల్డ్‌ ఏరియాలో పోస్టింగ్‌ పడితే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడానికి వీల్లేదు. పిల్లల చదువు, ఆమె ఉద్యోగం, ఫ్లాటు మీద లోను... అన్నీ ఇక్కడే. కాబట్టి ఆమె ఇక్కడే ఉంటుంది. బదిలీలు మీదపడే ఇలాంటి ఇళ్లకు పెద్ద దన్ను కేంద్రీయ విద్యాలయాలు. 1963లో రెజిమెంట్ల బళ్లను తీసుకునే అవి మొదలయ్యాయన్నది చాలామందికి తెలియదు. ఇప్పుడు గచ్చిబౌలిలోనూ ఒకటుంది.

మంచు కరిగే కాలం

లెక్క ప్రకారం చూస్తే సైన్యంలో సెలవులకు కొదవలేదు. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్‌ లీవు. ఏ సాఫ్ట్‌వేర్‌ కంపెనీలో ఇస్తారండీ అన్ని? చిక్కల్లా అవి ఎప్పుడు దొరుకుతాయన్నదే. యూనిట్‌లో సగంమందిని ఒకేసారి ఇంటికి పంపడం కుదరదు. పిల్లలున్న ప్రతి జవానూ అడిగేది మే నెలనే. పైగా ఇక్కడ పిల్లలకు సెలవులిచ్చే సమయానికే అక్కడ కాశ్మీరు కొండల్లో మంచు కరుగుతుంది, కనుమలు తెరుచుకుంటాయి, చొరబాట్ల కాలం మొదలవుతుంది. ఇంట్లో ఆయన కోసం ఎదురుచూసే రోజులూ, అక్కడ ఆయన అవసరం ఎక్కువగా ఉండే రోజులూ ఒకటే!

కార్గిల్‌ యుద్ధమూ వేసవి సెలవుల్లోనే వచ్చింది. 1999 మేలో మొదలై జులై 26న ముగిసింది. ఇళ్లకు వచ్చిన జవాన్లెందరో సెలవు మధ్యలోనే వెనక్కి వెళ్లారు. హైదరాబాద్‌ వాసి మేజర్‌ పద్మపాణి ఆచార్య ఆ జూన్‌ 28న తోలోలింగ్‌ ప్రాంతంలో పోరాడుతూ అమరుడయ్యాడు. ఆయన తండ్రి వైమానికదళంలో వింగ్‌ కమాండర్‌గా చేసినవారు. అప్పటికి భార్య గర్భవతి. పుట్టబోయే బిడ్డను చూసుకోకుండానే వెళ్లిపోయిన ఆయనకు మరణానంతరం మహావీరచక్ర దక్కింది.

2025 మేలోనూ అంతే. ఏడో తేదీన ఆపరేషన్‌ సిందూర్‌. అదే రోజు సాయంత్రం హైదరాబాద్‌లో గోల్కొండతోపాటు నాలుగుచోట్ల సైరన్లు మోగించి మాక్‌డ్రిల్‌ చేశారు. చుట్టుపక్కల పిల్లలకది వింత. ఫౌజీ ఇళ్లలో మాత్రం అప్పటికే ఫోన్లు మోగాయి. సెలవులో ఉన్నవాళ్లు వెంటనే రావాలని. విప్పిన బ్యాగును మళ్లీ సర్దిన ఇళ్లు ఎన్నో! పదో తేదీకి కాల్పులు ఆగాయి. ఆ నాలుగు రోజుల్లోనే శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు, అగ్నివీర్‌ మురళీనాయక్‌ సరిహద్దులో ప్రాణాలిచ్చాడు.

అందుకే ఈ ఇళ్లలో ‘మే పదిహేనున నాన్న వస్తున్నాడు’ అని పిల్లలతో ఖాయంగా చెప్పరు. ‘రావచ్చు’ అంటారు. సెలవే తేలకపోతే టిక్కెట్టెలా? రైల్వే ముందస్తు రిజర్వేషన్‌ గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజులైంది. ఆ 60 రోజుల ముందు కూడా ఆయన సెలవు సంగతి తేలదు. మిలిటరీ వారెంటు, రైళ్లలో ఉండే డిఫెన్స్‌ కోటా, పెద్ద స్టేషన్లలోని ఎంసీవో ఆఫీసు... వీటి పుణ్యమా అని ఎలాగో ఓ బెర్తు దొరుకుతుంది.

ఇంటికొచ్చిన అతిథి

ఇక వచ్చాక చూడాలి సందడి! మొదటి రెండు రోజులూ కాస్త బిడియమే. చిన్నపిల్లలైతే అమ్మ చున్నీ చాటు నుంచే చూస్తారు. మూడోరోజుకి మీసాలు లాగేస్తారు. ఆయనేమో తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి కూర్చుంటాడు. దుప్పట్లు కొలతేసినట్టు మడతపెట్టేస్తాడు. గుమ్మం దగ్గర చెప్పులన్నీ పరేడ్‌లో నిలబడ్డట్టు వరసలోకి వచ్చేస్తాయి. ‘ఇది యూనిట్‌ కాదు మహానుభావా’ అని ఆమె అనేదాకా ఇల్లంతా ఇన్‌స్పెక్షనే.

ఊళ్లో దారులు మాత్రం ఆయనకు తెలియవు. వచ్చిన ప్రతిసారీ ఓ కొత్త ఫ్లైఓవర్‌. సెలవుకూ సెలవుకూ మధ్య 2019లో మెట్రో హైటెక్‌సిటీ దాటి రాయదుర్గం వచ్చేసింది. 2020 సెప్టెంబరులో దుర్గంచెరువు మీద తీగల వంతెన తెరిచారు. కాబట్టి గైడ్లు పిల్లలే. మెట్రోలో కార్డు ఎలా తాకించాలో కొడుకు చూపిస్తాడు, రాత్రిపూట వంతెన దీపాల దగ్గర ఎక్కడ నిలబడి ఫొటో తీయాలో కూతురు చెబుతుంది. శిల్పారామంలో ఓ సాయంత్రం, గోల్కొండ కోట మీదికో పొద్దున, ఆదివారం బిర్యానీ. ఖరీదైనవేమీ కావు. అమ్మకు ఆఫీసులో సెలవు దొరక్కపోయినా పర్లేదు. ఆవిడ ల్యాప్‌టాప్‌ ముందుంటే నాన్నే చపాతీలు చేస్తాడు, లంగర్‌లో నేర్చిన కొలతతో. నలుగురికి చేయమంటే పదిమందికి సరిపడా!

ఆయనకు పీస్‌ స్టేషన్‌లో పోస్టింగ్‌ పడిందంటే కథ తిరగబడుతుంది. అప్పుడు నాన్న దగ్గరికే ప్రయాణం. మద్రాస్‌ రెజిమెంట్‌ వాళ్లయితే మరీ అదృష్టవంతులు. వాళ్ల కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. జనం డబ్బులు పోసి వెళ్లే ఊటీ అక్కడికి ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. క్వార్టర్ల మధ్య సైకిళ్లు, క్యాంటీన్‌లో చౌకగా దొరికే చాక్లెట్లు, యూనిట్‌ అంతా కలిసి తినే బడాఖానా... పిల్లలకు ఇంకేం కావాలి? 2020లో కరోనా వచ్చి ఇంటి నుంచి పని అలవాటయ్యాక కొందరు ఐటీ ఇల్లాళ్లు పిల్లల సెలవులన్నాళ్లూ అక్కడి నుంచే పనిచేసుకోగలుగుతున్నారు.

సొంతూరు సంగతి వేరు. పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్న ఊరది. అలాంటి ఊళ్లో సెలవు మీద వచ్చిన ఫౌజీ వింతకాదు. హైటెక్‌సిటీలో అలా కాదు. పేరెంట్స్‌ మీటింగ్‌కి నాన్న ఎందుకు రాడో ప్రతి ఏడాదీ ఓ కొత్త టీచరుకి చెప్పుకోవాలి.

పదిహేను, పదిహేడేళ్లు చేసి రిటైరైన జవాన్లూ ఈ కారిడార్‌లో తక్కువేం కాదు. టెక్‌పార్కుల గేట్ల దగ్గర వచ్చేపోయే కార్లకు సెల్యూట్‌ కొట్టే సెక్యూరిటీ సూపర్‌వైజర్లలో మాజీ సైనికులు చాలామందే. సైన్యంలో సెలవులున్నా ఇల్లు దూరం. ఇక్కడ ఇల్లు పక్కనే ఉంది, వారానికో వీక్లీఆఫ్‌ తప్ప సెలవు లేదు. నైట్‌డ్యూటీ దిగి వచ్చి పడుకునే మనిషిని లేపకుండా పిల్లలు మధ్యాహ్నమంతా గుసగుసగా ఆడుకుంటారు.

ఫీల్డ్‌లో ఉన్నాయన ప్రయాణానికి రెండు రోజుల ముందే ఆవకాయ జాడీకి మూత బిగించి, గుడ్డ కట్టి, పైన రెండు ప్లాస్టిక్‌ కవర్లు చుడతారు. రైల్లో నూనె కారితే యూనిఫారం పాడవుతుందని. యూనిట్‌లో పంజాబీలు, గఢ్వాలీలు అంతా తలో ముక్కా వేసుకుంటే ఆ జాడీ వారం కూడా ఆగదని తెలుసు, అందుకే ఈసారి రెండు జాడీలు. మిగిలిన సెలవు రోజులు దసరాకి వాడుకోవచ్చు. సంక్రాంతికైతే కుదరదు... లెక్క క్యాలెండరు ఏడాదిది కదా, జనవరి వచ్చేసరికి కొత్త ఖాతా. దానికి మళ్లీ దరఖాస్తు పెట్టాలి.