పెడిక్యూర్‌కి వెళ్తున్నారా? కుర్చీలో కూర్చునే ముందు పనిముట్లు చూడండి

పెళ్లిళ్ల సీజన్ అయినా, చాంద్ రాత్ అయినా మన బస్తీల్లో పార్లర్ల ముందు ఒకటే రద్దీ. మెహందీ, ఫేషియల్‌తో పాటు ఇప్పుడు పెడిక్యూర్ కూడా మామూలైపోయింది. కాళ్లు గోరువెచ్చటి నీళ్లలో పెట్టి, మడమలు రుద్ది, గోళ్లు కత్తిరించి, క్రీమ్ రాసి పంపిస్తారు. రోజంతా వంటింట్లో నిలబడే ఆడవాళ్లకి ఆ అరగంట నిజంగానే హాయి. వద్దు అని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఏం చూసుకుని వెళ్లాలో చెప్పడానికే రాస్తున్నా.

రెండేళ్ల క్రితం మా ఖాలా కూతురి నికాహ్‌కి ముందు రోజు ఇంట్లో ఆడవాళ్లమంతా దగ్గర్లోని ఒక పార్లర్‌కి వెళ్లాం. మా అమ్మీకి అదే మొదటి పెడిక్యూర్. ఆమెకు షుగర్ ఉంది. ఆ రోజు మేమెవరం దాని గురించి ఆలోచించలేదు. నాలుగైదు నెలల తర్వాత అమ్మీ కుడికాలు బొటనవేలి గోరు ఒక మూల పసుపు రంగులోకి మారింది. "పెళ్లిలో పెట్టుకున్న మెహందీ రంగే లే బేటీ, పోతుంది" అంది. పోలేదు. గోరు మందం అయింది, చివర పొడిపొడిగా రాలడం మొదలైంది. చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్తే గోరు ముక్క తీసి పరీక్ష చేయించారు. ఫంగస్ అని తేలింది.

అది పార్లర్‌లోనే అంటుకుందని నేను ఖచ్చితంగా చెప్పలేను. ఈ జబ్బుతో వచ్చే చిక్కే అది. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరే పెరుగుతుంది. ఫంగస్ కూడా అంతే నిదానంగా పాకుతుంది. ఈ రోజు అంటుకుంటే కంటికి కనబడేసరికి వారాలు, నెలలు పడుతుంది. అప్పటికి ఎక్కడ అంటుకుందో గుర్తుండదు. పార్లర్ వాళ్లకూ తెలియదు, మనకూ తెలియదు. అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు, ఏదీ మారదు.

మెహందీ రంగా, ఫంగసా?

మన ఇళ్లలో ఈ తేడా తెలుసుకోవడం చాలా అవసరం. మెహందీ రంగు గోరంతా ఒకే రకంగా, ఎర్రగా లేదా గోధుమ రంగులో ఉంటుంది. గోరు పెరిగే కొద్దీ ఆ రంగు చివరకు జరుగుతూ పోతుంది, మొదట్లో శుభ్రమైన కొత్త గోరు వస్తుంది. ఫంగస్ దీనికి పూర్తిగా రివర్స్. ఎక్కువ మందిలో గోరు చివర లేదా పక్క మూలలో మొదలై వెనక్కి, అంటే మొదలు వైపు పాకుతుంది. రంగు పసుపుగానో తెల్లగానో మారుతుంది. గోరు మందం అవుతుంది, కింద పిండిలాంటి పొడి చేరుతుంది, గోరు వేలి నుంచి కొద్దిగా లేచినట్టు ఉంటుంది.

అలాగని పాడైన ప్రతి గోరూ ఫంగస్ కాదు. అలా కనిపించే గోళ్లలో దాదాపు సగం మాత్రమే ఫంగస్ వల్ల అని వైద్యులు చెప్తారు. బిగుతు చెప్పులు, దెబ్బ తగలడం, సోరియాసిస్ వల్ల కూడా గోళ్లు అలా అవుతాయి. అందుకే ముందు పరీక్ష, తర్వాత మందు.

ఎలా అంటుకుంటుంది?

డాక్టర్లు దీన్ని ఆనికోమైకోసిస్ అంటారు. ఎక్కువ కేసుల్లో కారణం డెర్మటోఫైట్ అనే రకం ఫంగస్, అందులోనూ ట్రైకోఫైటాన్ రూబ్రమ్. ఒంటి మీద తామర, కాలి వేళ్ల సందుల్లో పాసిపోవడం కూడా ఈ కుటుంబం పనే. గోళ్లలో, చర్మంలో, జుట్టులో ఉండే కెరటిన్ అనే పదార్థం దీని తిండి. గోరు పొడిలో, చర్మం పొట్టులో ఇది నెలల తరబడి బతికి ఉండగలదు.

ఇప్పుడు పార్లర్ సంగతి చూడండి. ఒకరి గోరు కింద పొడి తీసిన పుల్ల, ఒకరి మడమ రుద్దిన రాయి, ఒకరి గోరు అరగదీసిన ఫైల్ ఇంకొకరి కాలి మీదకు వస్తే ఆ పొడి కూడా వాటితో పాటే వస్తుంది. పైగా పెడిక్యూర్‌లో క్యూటికల్ కత్తిరిస్తారు. గోరు మొదట్లో ఉండే ఆ సన్నటి చర్మం అందం కోసం ఉన్నది కాదు, లోపలికి క్రిములు పోకుండా వేసిన సీల్. దాన్ని కత్తిరిస్తే మనమే తలుపు తెరిచినట్టు. మడమలను బ్లేడుతో గీకడం కూడా ఇలాంటిదే.

టబ్బు కూడా చిన్న విషయం కాదు. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, వాట్సన్‌విల్ అనే ఊళ్లో ఒకే నెయిల్ సెలూన్‌కి వెళ్లిన వంద మందికి పైగా కస్టమర్లకు మోకాళ్ల కింద మానని సెగ్గడ్డలు వచ్చాయి. అది ఫంగస్ కాదు, మైకోబ్యాక్టీరియం ఫార్చుయిటమ్ అనే బ్యాక్టీరియా. నీళ్లు సుడి తిరిగే ఆ టబ్బుల్లో జాలీ వెనక జుట్టు, చర్మం పొట్టు పేరుకుపోయి అక్కడ అది పెరిగింది. పెడిక్యూర్‌కి ముందు కాళ్లు షేవ్ చేసుకున్నవాళ్లకు ప్రమాదం ఎక్కువని విచారణలో బయటపడింది. ఆ తర్వాత అక్కడ ఫుట్ స్పాల శుభ్రతకు ప్రత్యేక నిబంధనలు పెట్టారు. మనకు పాఠం ఏంటంటే, జెట్ ఉన్న ఖరీదైన టబ్బు కన్నా, లోపలంతా తోమగలిగే మామూలు బేసినే నయం. వాక్సింగ్, షేవింగ్ చేయించుకున్న వెంటనే పెడిక్యూర్‌కి వెళ్లకూడదు.

శుభ్రంగా కనిపించడం వేరు, శుభ్రం చేయడం వేరు

చాలా పార్లర్లలో నీలం లైటు వెలిగే ఒక డబ్బా ఉంటుంది. "మేడమ్, మాది యూవీ స్టెరిలైజర్" అని చూపిస్తారు. ఆ వెలుగు పడిన వైపే దాని పని, కత్తెర మడతల్లోకి, కింద వైపుకి పోదు. గోరు పొడి అంటుకుని ఉంటే దాని లోపలికీ పోదు. శుభ్రం చేసిన పనిముట్లు దాచుకోవడానికి పనికొస్తుంది కానీ శుభ్రం చేయడానికి కాదు. నీళ్లలో రెండు చుక్కలు డెట్టాల్ వేసి కత్తెర ముంచి తీయడమూ అంతే, వాసన వస్తుంది, పని జరగదు.

నిజమైన పద్ధతి ఇదీ. ముందు సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి తోమాలి. తర్వాత డిసిన్ఫెక్టెంట్ ద్రావణంలో పూర్తిగా మునిగేలా ఉంచాలి. ఎంతసేపన్నది డబ్బా మీద రాసి ఉంటుంది, చాలావాటికి సుమారు 10 నిమిషాలు. ఆ తర్వాత కడిగి ఆరబెట్టాలి. అన్నిటికన్నా మంచిది ఆటోక్లేవ్. ఆసుపత్రుల్లో వాడే ఆ యంత్రం 121 డిగ్రీల ఆవిరిలో, ప్రెషర్‌తో క్రిములను చంపుతుంది. ఇదంతా స్టీలు పనిముట్లకే. ఫైలు, బఫర్, ప్యూమిస్ రాయి, చెక్క పుల్ల లాంటివి ఎంత కడిగినా లోపలి దాకా శుభ్రం కావు. అవి ఒక మనిషికే వాడాలి.

నేను చదివింది కామర్స్, అందుకని ఒక చిన్న లెక్క చెప్తా. ఒక పెడిక్యూర్‌కి 40 నిమిషాలు అనుకుందాం. పనిముట్లు తోమి, నానబెట్టి, ఆరబెట్టడానికి ఇంకో 20 నిమిషాలు. ఒక కుర్చీ, ఒకే సెట్టు ఉంటే 8 గంటల్లో శుభ్రం చేస్తూ 8 మందికి చేయొచ్చు, శుభ్రం మానేస్తే 12 మందికి చేయొచ్చు. మనిషికి 600 రూపాయలు అనుకుంటే రోజుకి 2,400 రూపాయల తేడా. బయట లైను ఉన్న రోజు ఏ ఓనరు మనసైనా ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. కానీ అదే కుర్చీకి రెండో సెట్టు ఉంటే? ఒకటి నానుతుండగా ఇంకొకటితో పని నడుస్తుంది. 12 మందికీ చేయొచ్చు, ఒక్క రూపాయి నష్టం లేదు. మామూలు స్టీలు సెట్టు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

కాబట్టి పార్లర్‌లోకి వెళ్లగానే ఏసీ, అద్దాలు కాదు, కుర్చీలు లెక్కపెట్టండి, సెట్లు లెక్కపెట్టండి. మూడు కుర్చీలు నిండి ఉండి రెండే సెట్లు తిరుగుతుంటే, వాళ్లు మధ్యలో శుభ్రం చేసే అవకాశమే లేదు. మేము వెళ్లిన రోజు పరిస్థితి సరిగ్గా ఇదే. లెక్కపెట్టాలని అప్పుడు నాకు తట్టలేదు.

మీరు చేయాల్సినవి

సొంత కిట్టు తీసుకెళ్లండి. నెయిల్ కట్టర్, ఫైలు, మడమ రాయి, క్యూటికల్ పుల్ల ఒక చిన్న సంచిలో పెట్టుకుంటే చాలు. మొహమాటపడొద్దు.

"క్యూటికల్ కట్ చేయొద్దు, వెనక్కి నెట్టితే చాలు. బ్లేడు వాడొద్దు" అని ముందే చెప్పండి. గోళ్ల మూలలు లోతుగా కాకుండా నేరుగా కత్తిరించమనండి.

కాలికి పుండు, పగులు, దురద ఉంటే తగ్గేదాకా వెళ్లకండి. మీకే కాదు, మీ తర్వాత కూర్చునేవాళ్లకూ మంచిది.

షుగర్ ఉన్నవాళ్ల విషయం వేరు. స్పర్శ తగ్గిన కాళ్లకు గాయమైనా తెలియదు. పాడైన గోరు పక్క చర్మాన్ని కోస్తే, అక్కడి నుంచి ఇన్ఫెక్షన్ కాలంతా పాకొచ్చు. అందుకే అమ్మీ, దాదీ, నానీలను సరదాకి పార్లర్ కుర్చీలో కూర్చోబెట్టే ముందు డాక్టర్‌ని అడగండి.

ఇంటి సంగతి కూడా చూద్దాం. చాలా ఇళ్లలో జుమా రోజు ఒకే నెయిల్ కట్టర్ అబ్బా నుంచి పిల్లల దాకా అందరి చేతులూ తిరుగుతుంది. గోళ్లు 40 రోజులు దాటకుండా తీసుకోవాలని మనకు చిన్నప్పుడే నేర్పిస్తారు, ఎవరి కట్టర్ వాళ్లదిగా ఉంచుకోవడం కూడా నేర్పిద్దాం. వుజూలో కాలి వేళ్ల సందులు ఖిలాల్ చేసి కడుక్కోవడం మంచి శుభ్రత. కానీ కడిగిన తడి కాళ్లతోనే సాక్సు వేసుకుంటే ఆ తేమే ఫంగస్‌కి ఇష్టమైన చోటు. వేళ్ల మధ్య తుడుచుకుని వేసుకోండి. వుజూఖానాలో, బాత్‌రూమ్‌లో అందరూ వేసుకునే తడి చెప్పుల కన్నా మీ చెప్పులే మేలు.

వచ్చేసిందా? అయితే ఇలా

మెడికల్ షాపులో అడిగి ట్యూబు తెచ్చుకోకండి. తామరకి, దురదకి అని అమ్మే చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. మొదట ఎరుపు, దురద తగ్గుతాయి, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతుంది. మన దేశంలో మొండి తామర ఇంతగా పెరగడానికి ఇదొక పెద్ద కారణమని చర్మ వైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

పరీక్షకి ముందు మందు మొదలుపెట్టకండి, రిపోర్టు తప్పుగా రావచ్చు. గోరు ముక్కను కేవోహెచ్ అనే ద్రావణంలో వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష త్వరగా తేలుతుంది. కల్చర్ అయితే మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. ఉస్మానియా, గాంధీ లాంటి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది.

కాలి గోళ్లకు సాధారణంగా టెర్బినాఫిన్ మాత్ర రోజుకొకటి చొప్పున 12 వారాలు ఇస్తారు. ముందు లివర్ పరీక్ష చేయిస్తారు. ఇట్రాకొనజోల్ ఇస్తే గుండె జబ్బు ఉన్నదీ, కొలెస్టరాల్ మాత్రలు వాడుతున్నదీ తప్పకుండా చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ముందే చెప్పాలి. తక్కువగా ఉంటే గోటి మీద రాసే మందు ఇస్తారు. వాటిలో కొన్ని నెయిల్ పాలిష్ లాగా పొర కడతాయి. వుజూ సంగతి మనసులో ఉంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి, పొర కట్టని మందులూ ఉన్నాయి. అదే వాడాల్సి వస్తే మీకు తెలిసిన ఆలిమ్‌ని అడగండి. అంతేగాని సగంలో మందు మానేయకండి.

ఇంకో మాట. మాత్రలు 12 వారాల్లో అయిపోయినా గోరు వెంటనే మామూలుగా కనిపించదు. పాడైన గోరు పూర్తిగా పెరిగిపోయి కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. "మందు పనిచేయలేదు" అని కంగారు పడొద్దు. పాత చెప్పులు ఎండలో ఆరబెట్టండి, సాక్సు రోజూ మార్చండి.

ఇంట్లోనే పార్లర్ నడిపే అక్కాచెల్లెళ్లకు

మన బస్తీల్లో ఒక గదిలో పార్లర్ పెట్టుకుని ఇల్లు నడిపే ఆడవాళ్లు చాలామంది. వాళ్ల మీద నింద వేయడం నా ఉద్దేశం కాదు. రోజంతా ఉత్త చేతులతో ఆ గోరు పొడి పీల్చేది, ముట్టుకునేది వాళ్లే. గ్లౌజులు, మాస్కు వాళ్లకే ముందు అవసరం. కుర్చీకి రెండు సెట్లు, ఒక బ్రష్, మూత ఉన్న డబ్బాలో డిసిన్ఫెక్టెంట్, బేసిన్‌కి కస్టమర్ మారినప్పుడల్లా మార్చే ప్లాస్టిక్ కవరు. ఇంతే ఖర్చు. శుభ్రం చేసేది కస్టమర్ కళ్ల ముందే చేయండి, దాన్ని మించిన పబ్లిసిటీ లేదు.

అమ్మీ గోరు ఇప్పుడు దాదాపు మామూలైంది. మొన్న అదే పార్లర్‌కి వెళ్లి ఈ విషయాలన్నీ నిదానంగా చెప్పాను. అక్కడ పనిచేసే అమ్మాయి కాసేపు విని, "ఇన్నేళ్లలో ఎవరూ ఇది అడగలేదు ఆపా" అంది. పోయిన వారం వెళ్లి చూస్తే ఇంకో సెట్టు వచ్చింది. నీలం లైటు డబ్బా మాత్రం అలాగే ఉంది. ఈసారి మీరు వెళ్లినప్పుడు మీరూ అడగండి.