గోదావరి చెల్లెలి గట్టున గుడారం

మహారాష్ట్రలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో త్ర్యంబకం వెళ్ళి, కుశావర్తంలో మునిగి, గోదావరి పుట్టిన కొండను చూసి రానివారు తక్కువ. కర్ణాటక, తమిళనాడు, ఒడిశాలలోని మనవాళ్ళు కూడా షిరిడీ యాత్రతో కలిపి నాసిక్, త్ర్యంబకం చూసుకుని వెళ్తూ ఉంటారు. అవే సహ్యాద్రి కొండలలో, త్ర్యంబకానికి దక్షిణంగా, గోదావరికి ఉపనది అయిన ప్రవర పుడుతుంది. ప్రవర అనగానే మనకు పెద్దలకు నమస్కరించేటప్పుడు చెప్పుకునే గోత్రప్రవర గుర్తుకు వస్తుంది. ఈ ప్రవర మాత్రం రతన్‌గడ్ కొండ నుంచి దిగి, భండార్‌దరా దగ్గర ఒక జలాశయంలో ఆగి, దిగువన చెరకు పొలాలను తడిపి, ప్రవరాసంగమం వద్ద గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి పైఠణ్, నాందేడ్, బాసర, భద్రాచలం, రాజమహేంద్రవరం. ఆ తరువాత గౌతమీ పాయ యానాం పక్కగా సాగి సముద్రాన్ని చేరుతుంది. అంటే యానాం పాఠకుల రేవుకూ, ఈ కొండల మధ్య నీటికీ చుట్టరికం ఉన్నదన్నమాట.

ఆ నీటి గట్టున గుడారంలో ఒక రాత్రి గడపటం గురించి, అలా గడపటానికి మనకు ఉండవలసిన మర్యాద గురించి ఈ వ్యాసం.

జలాశయం, చుట్టూ కొండలు

భండార్‌దరా ఉన్నది అహిల్యానగర్ జిల్లా అకోలే తాలూకాలో. 2024 వరకు ఈ జిల్లా పేరు అహ్మద్‌నగర్. ఇక్కడ ప్రవర మీద రాతి ఆనకట్ట పని 1910లో మొదలై 1926లో పూర్తయింది. అప్పటి బొంబాయి గవర్నరు సర్ లెస్లీ విల్సన్ పేరు మీద దానిని విల్సన్ డ్యామ్ అంటారు. ఎత్తు సుమారు 270 అడుగులు. వెనుక నిలిచిన నీటికి ఆర్థర్ లేక్ అని పేరు. నిల్వ సుమారు 11 టి.ఎం.సి. మన నాగార్జునసాగరం ముందు ఇది చెంబెడు నీళ్ళే. కాని చుట్టూ కొండలు గోడల్లా నిలబడి ఉండటం వలన చూసేవారికి అంత చిన్నదిగా కనిపించదు.

ఉత్తరాన కళ్సూబాయి శిఖరం ఉంది. 1,646 మీటర్లు, అంటే సుమారు 5,400 అడుగుల ఎత్తుతో మహారాష్ట్ర మొత్తానికి అదే ఎత్తైన శిఖరం. పైన అమ్మవారి చిన్న గుడి ఉంది. నిట్టనిలువుగా ఉన్నచోట్ల ఇనుప నిచ్చెనలు బిగించారు. జలాశయం ఆ కొసన రతన్‌వాడి ఊరు, అక్కడ శిలాహార రాజుల కాలం నాటిదని చెప్పే అమృతేశ్వరాలయం, ఆ పైన రతన్‌గడ్ కోట. ఈ ప్రాంతమంతా కళ్సూబాయి హరిశ్చంద్రగడ్ అభయారణ్యంలో భాగం. గట్టు వెంట ఉన్న షెండి, ముర్‌షేత్, పాంజరే, ఉడదావణే, ఘాట్‌ఘర్ వంటి ఊళ్ళలో ఎక్కువమంది మహదేవ కోళీలు, ఠాకర్లు అనే గిరిజనులు. వానమీద ఆధారపడిన వరి, రాగులు, సామలు వారి పంటలు. నాటు విత్తనాలను భద్రపరచినందుకు 2020లో పద్మశ్రీ పొందిన రాహీబాయి పోపెరే ఈ తాలూకా ఆడపడుచే.

శిబిరం ఎలా ఉంటుంది?

శిబిరం అనగానే పెద్ద ఏర్పాట్లు ఊహించుకోనక్కరలేదు. ఊళ్ళో ఒక కుటుంబానికి నీటివైపు వాలుగా ఉన్న పొలం ఉంటుంది. కోతలయ్యాక ఖాళీగా ఉన్న ఆ పొలంలో పదో పన్నెండో గుడారాలు వేస్తారు. ఇద్దరు ముగ్గురు పడుకునే గుడ్డ గుడారం, లోపల పరుపు, దుప్పటి. స్నానాల గదులు, మరుగుదొడ్లు అందరికీ కలిపి పక్కన కట్టి ఉంటాయి. వంట ఆ ఇంటి ఆడవాళ్ళే చేస్తారు. శనగపిండితో చేసే పిఠ్లా, మిరపకాయల ఠేచా, అన్నం, పప్పు, రాగి భాకరి. ఈ భాకరి మన రాగిరొట్టెకు దగ్గరి చుట్టం. ఆవకాయ సీసా ఒకటి వెంట తీసుకువెళ్తే ఇచ్చిపుచ్చుకోవటానికి బాగుంటుంది.

సాయంత్రం అయిదున్నరకు కొండల నీడ నీటి మీదికి సాగుతుంది. ఏడు గంటలకు చీకటి. ఆ తరువాత చేసేపని ఏమీ ఉండదు. కబుర్లు చెప్పుకోవటం, నక్షత్రాలు చూడటం అంతే. ఫోను సంకేతం కొన్నిచోట్ల అందుతుంది, కొన్నిచోట్ల అందదు. ఊళ్ళలో మన ఇళ్ళ పిల్లలు బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడి, ఇంటికి వచ్చి టీవీ ముందో ఫోను ముందో కూర్చుంటారు. తాతలతో, నానమ్మలతో మాట్లాడే గంట ఏది? గుడారంలో ఆ గంట తనంత తానే దొరుకుతుంది.

మేము వెళ్ళినప్పుడు మా మనవరాలు చెట్టు నిండా మెరుస్తున్న పురుగులను చూసి పేరు అడిగింది. ఫైర్‌ఫ్లై అని దానికి పుస్తకంలో చదివి తెలుసు. కాజవా అని శిబిరం ఇంటివారి అబ్బాయి చెప్పాడు. వాళ్ళ నానమ్మ మిణుగురు అంది. పుణేలో పుట్టి పెరిగిన ఆ పిల్ల అంతకుముందు మిణుగురు అనే మాటను వినలేదు. వినే సందర్భమే రాలేదు. ఆ రాత్రి పడుకునేదాకా మిణుగురు, మిణుగురు అంటూనే ఉంది.

మిణుగురుల పదిహేను రోజులు

భండార్‌దరా ప్రాంతానికి ఇప్పుడు ఎక్కువ పేరు తెచ్చింది ఈ మిణుగురులే. మే నెలాఖరు నుంచి జూన్ మధ్య వరకు, నైరుతి వానలు గట్టిగా పట్టేలోపు, ఇవి లక్షలుగా కనిపిస్తాయి. కరక్కాయ, తాని, నల్లమద్ది, నేరేడు చెట్ల మీద ఎక్కువగా వాలుతాయి. చెట్టంతా ఒకేసారి వెలిగి ఆరుతున్నట్లు ఉంటుంది.

దీని వెనుక ఉన్నది పెళ్ళి సందడే. మగ పురుగు తన జాతికి చెందిన లయలో మెరుస్తూ ఎగురుతుంది. ఆకుల మీదో గడ్డిలోనో ఉన్న ఆడ పురుగు మెరుపుతోనే జవాబిస్తుంది. పురుగు పొట్ట చివర లూసిఫెరిన్ అనే పదార్థం ప్రాణవాయువుతో కలిసినప్పుడు ఈ వెలుగు పుడుతుంది. అందులో వేడి దాదాపు ఉండదు. గుడ్లు తేమ నేలలో పెడతాయి. పిల్ల పురుగులు నెలల తరబడి నేల మీద, ఆకుల చెత్తలో నత్తలనూ వానపాములనూ తిని బ్రతుకుతాయి. రెక్కలు వచ్చాక మిగిలే ఆయుష్షు కొద్ది వారాలే. ఆ కొద్ది రోజులలోనే జత కుదరాలి, గుడ్లు పెట్టాలి.

కాబట్టి ఆ పదిహేను రోజులలో పక్కనే కారు హెడ్‌లైట్లు వెలిగితే ఏమవుతుందో ఆలోచించండి. మగ పురుగు మెరుపు ఆడ పురుగుకు కనబడదు. కింద గడ్డిని బూట్లతో తొక్కితే నేలమీది పురుగులు, గుడ్లు నలిగిపోతాయి. సీసాలో పట్టుకున్న పురుగుల వంశం అంతటితో సరి. ఈ సంవత్సరం చేసిన చెరుపు మరుసటి సంవత్సరం లెక్కలో తేలుతుంది. బ్యాంకులో పనిచేసేవాడిగా చెప్పాలంటే ఇది వడ్డీతో సరిపెట్టుకోక అసలును తినేయటం.

మేము ఉన్న రాత్రి రోడ్డు పక్కన ఉన్న ఒక పెద్ద నేరేడు చెట్టు చుట్టూ కార్లు బారులు తీరాయి. లైట్లు, హారన్లు, ఫోను ఫ్లాష్‌లు. ఆ చెట్టు మీద అక్కడొకటి అక్కడొకటి మెరిసింది. మా శిబిరం ఇంటాయన మమ్మల్ని పొలం గట్ల మీదుగా కొంత దూరం నడిపించి, టార్చి ఆర్పించి, కదలకుండా నిలబడమన్నారు. అక్కడి కరక్కాయ చెట్టు మొదలు నుంచి చివర వరకు మెరుస్తోంది. రెండు చెట్ల మధ్య దూరం అర కిలోమీటరు ఉండదు. చీకటి ఉన్నచోట పురుగులున్నాయి. పట్నం నుంచి వచ్చే జనం పెరిగితే తమ ఆదాయం పెరుగుతుందనీ, మరీ పెరిగితే జనం చూడటానికి వచ్చేదే మిగలదనీ ఆయన అన్నారు. కోతలయ్యాక కూలి పనికి జున్నర్, నాసిక్ వైపు వెళ్ళే అలవాటు ఉన్న ఊళ్ళు ఇవి. గుడారాల అద్దె వలన కొందరైనా ఇంటిపట్టున ఉండగలుగుతున్నారు. కనుక వెళ్ళవద్దని అనటం పరిష్కారం కాదు. ఎలా వెళ్ళాలన్నదే ప్రశ్న.

ఎప్పుడు వెళ్ళాలి?

ముసలివారు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. ఆకాశం నిర్మలంగా, జలాశయం నిండుగా ఉంటుంది. రాత్రి చలి గట్టిగానే ఉంటుంది కనుక స్వెట్టర్లు, ఒక బొంత తప్పనిసరి. మిణుగురులు చూడాలంటే మే నెలాఖరు, జూన్ మొదటి పక్షం. అప్పుడు నీరు బాగా తగ్గి గట్లు బురదగా ఉంటాయి. శని ఆదివారాలు మానుకుని మధ్య రోజులలో వెళ్ళండి. జూలై, ఆగస్టులలో జలపాతాలు అందంగా ఉంటాయి గాని, ఇక్కడ కురిసే వానకు గుడారం నిలవదు. ఆ రోజులలో గట్టి కప్పు ఉన్న గదే మంచిది.

ముంబయి, భివండీల నుంచి వచ్చేవారు కసారా ఘాటు ఎక్కి, ఇగత్‌పురి దాటి, ఘోటి దగ్గర మలుపు తిరిగి, బారి మీదుగా షెండి చేరాలి. ముంబయి నుంచి సుమారు 180 కిలోమీటర్లు. పుణే, సోలాపూర్ వారికి సంగమ్‌నేర్, అకోలే, రాజూర్ దారి దగ్గర. రైలులో వచ్చేవారు ఇగత్‌పురిలో గాని నాసిక్ రోడ్డులో గాని దిగవచ్చు. అభయారణ్యం కనుక అటవీశాఖవారి ప్రవేశ రుసుము, రాత్రిపూట వాహనాల నియమాలు బయలుదేరేముందే విచారించుకోవాలి.

కుటుంబాలు గమనించవలసినవి

1. గుడారం నీటి అంచుకు దూరంగా, మెరక మీద ఉండాలి. జలాశయం మట్టం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు.

2. ఈతకు దిగవద్దు. గట్టు ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, అడుగున బురద పట్టుకుంటుంది. ఈత వచ్చినవారికీ ఇదే మాట. పిల్లలను నీటివైపు ఒంటరిగా పంపకూడదు.

3. గుడారం జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలి. చెప్పులు తొడుక్కునే ముందు దులుపుకోవాలి. తేళ్ళు, పాములు ఉండే నేల ఇది.

4. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టండి. ఎర్రని వెలుగు మిణుగురులను అంతగా ఇబ్బంది పెట్టదు. చెట్ల దగ్గర దానిని కూడా ఆర్పివేయండి.

5. పాటల పెట్టెలు ఇంటి దగ్గరే ఉంచండి. పాడుకోవాలనిపిస్తే గొంతులు ఉన్నాయి.

6. సబ్బు నీళ్ళు, ఎంగిలి ఆకులు జలాశయంలో కలపవద్దు. ప్లాస్టిక్ సంచులు, ఖాళీ సీసాలు తిరిగి మన ఊరికి తీసుకురావాలి. ఆ ఊళ్ళలో చెత్తబండి రాదు.

7. రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు అదనంగా ఉంచుకోండి. ఆస్పత్రి దూరం.

8. వీలైనంతవరకు ఊరివారు నడిపే శిబిరంలోనే దిగి, డబ్బు నేరుగా వారి చేతికే ఇవ్వండి.

ఎగువ నీరు, దిగువ నీరు

వాన తక్కువైన సంవత్సరాలలో నాసిక్, అహిల్యానగర్ జిల్లాల జలాశయాల నుంచి దిగువన ఉన్న జాయక్‌వాడికి నీరు వదలాలా వద్దా అన్న వివాదం కోర్టుల దాకా వెళ్ళింది. ఆ పట్టికలో భండార్‌దరా కూడా ఉంది. ఎగువ దిగువల తగాదా ఏమిటో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మనమంతా దాదాపుగా దిగువ ఊళ్ళ నుంచి వచ్చినవారమే. పుష్కరాలకు గోదావరి ఒడ్డుకు వెళ్ళి, నీరు మురికిగా ఉన్నదని బాధపడతాం. ఆ నీటిలో ఒక పాయ మన తాత్కాలిక నివాసపు గట్టునుంచే బయలుదేరుతుందన్న సంగతి గుడారంలో ఉన్న ఆ ఒక్క రాత్రైనా గుర్తుంచుకుంటే, సీసా విసరబోయిన చెయ్యి ఆగుతుంది.

పిల్లలకు సెలవులు, పెద్దలకు ఓపిక ఉన్న సంవత్సరం చూసుకుని, రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్ళండి. తెల్లవారుజామున లేచి గట్టున నిలబడితే రతన్‌గడ్ నీడ నీటిలో కనిపిస్తుంది. ఇది ఏ నదిలో కలుస్తుందని పిల్లలు అడుగుతారు. యానాం దాకా చెప్పండి.