ముక్క లేని ముద్ద

ఆహారంలోని ప్రోటీన్లకు తెలుగు పాఠ్యపుస్తకాలు స్థిరపరచిన పేరు మాంసకృత్తులు. మాంసాన్ని, అంటే శరీరంలోని కండను, తయారుచేసేది అని ఆ మాటకు అర్థమే తప్ప మాంసం నుంచి వచ్చేది అని కాదు. అయినా పదంలో ముందున్న మాంసమే చెవికి తగలడం వల్ల కావచ్చు, పద్నాలుగేళ్ల అమ్మాయో పదహారేళ్ల అబ్బాయో ఇక మీదట కోడికూర తిననని చెప్పిన రోజున ఇంటి పెద్దలకు కలిగే మొదటి భయం ఈ మాంసకృత్తుల గురించే అవుతుంది. 2014లో జరిగిన ప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులు. ఆంధ్రప్రదేశ్ కూడా దానికి ఎంతో దూరంలో లేదు. ముక్క లేనిదే ముద్ద దిగదని చెప్పుకునే ఇళ్లలో ఒక్కరు, అదీ ఎదిగే వయసులో ఉన్నవారు, జంతువుల మీద దయతోనో పర్యావరణం గురించిన ఆలోచనతోనో మాంసం తగ్గించుకోవాలనుకున్నప్పుడు ఆ ఖాళీని దేనితో పూడ్చాలన్నది పోషకాహార శాస్త్రానికి, వంటింటికి ఉమ్మడిగా ఎదురయ్యే ప్రశ్న. మాంసం మంచి ఆహారమే, అనేక పేద కుటుంబాలకు అందుబాటులో ఉన్న బలమైన ఆహారం కూడా. కనుక దాన్ని మానడం గొప్ప అని గాని, తినడం తక్కువ అని గాని పిల్లలకు నూరిపోయడం శాస్త్రానికీ మర్యాదకూ తగనిది.

1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా పుట్టి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల ప్రకారం, రోజుకు కావలసిన మాంసకృత్తులు పదమూడు నుంచి పదిహేనేళ్ల అబ్బాయిలకు 45 గ్రాములు, అమ్మాయిలకు 43 గ్రాములు కాగా, పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి అవి వరుసగా 55, 46 గ్రాములు. మూడు పూటలూ కలిపి 300 గ్రాముల బియ్యం తిన్న పిల్లవాడికి అన్నం నుంచే ఇరవై గ్రాములకు పైగా చేరుతాయి. 80 గ్రాముల పప్పుదినుసులు మరో పదిహేడు గ్రాములు, రెండు గ్లాసుల పాలూ పెరుగూ కలిసి పది గ్రాములు, గుప్పెడు పల్లీలు ఆరు గ్రాములు ఇస్తే పెద్ద అబ్బాయి లెక్క కూడా పూర్తవుతుంది. అయితే ఈ కూడికలో అసలు చిక్కు పప్పు దగ్గరే ఉంది. నీళ్లగా కాచిన పప్పుచారులో ఒక్కొక్కరి వంతుకు వచ్చే కందిపప్పు చాలా ఇళ్లలో పది, పదిహేను గ్రాములకు మించదు. పళ్లెంలో అన్నం కొండలా, పప్పు చెరువు నీటిలా ఉన్నప్పుడు శాకాహారం విఫలమైనట్టు కనిపిస్తుంది గాని విఫలమైనది పాళ్ల లెక్క మాత్రమే.

పాళ్లకు ఇంత ప్రాధాన్యం ఉండటానికి కారణం మాంసకృత్తుల నిర్మాణంలో ఉంది. ఇవి అమైనో ఆమ్లాలనే చిన్న అణువులు దండలా గుచ్చుకోవడం వల్ల ఏర్పడతాయి. వాటిలో తొమ్మిదింటిని శరీరం తానుగా తయారుచేసుకోలేదు గనుక తిండి నుంచే తీసుకోవాలి. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం కొరతగా ఉంటే, పప్పుల్లో అది పుష్కలంగా ఉండి మెథియోనిన్ అనేది కొరతగా ఉంటుంది. ఒకదాని లోటును మరొకటి తీర్చడం వల్ల, మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పు చొప్పున తిన్నప్పుడు ఆ రెండూ కలిసి మాంసానికి దగ్గరగా వచ్చే నాణ్యతను అందిస్తాయి. ఈ జోడింపు ప్రతి పూటా ఒకే పళ్లెంలో జరగాలన్న అభిప్రాయం 1971లో అమెరికా రచయిత్రి ఫ్రాన్సెస్ మూర్ లాపే రాసిన పుస్తకం ద్వారా ప్రపంచమంతా పాకింది గాని, పదేళ్ల తర్వాతి కూర్పులో ఆమే దాన్ని సవరించుకున్నారు. రోజు మొత్తం మీద రెండూ అందితే చాలు. పొద్దున పెసరట్టు తిన్న పిల్ల మధ్యాహ్నం పప్పు ముట్టలేదని తల్లిదండ్రులు బెంగపడనక్కరలేదు.

మాంసకృత్తుల కన్నా జాగ్రత్తగా చూడవలసినది ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అత్యధికులు మాంసాహారులైన తెలుగు రాష్ట్రాలు కూడా ఇందుకు మినహాయింపు కావు గనుక, ఆ రక్తహీనత ముక్క మానేసినందువల్ల వచ్చినది కాదని గ్రహించాలి. మాంసంలో ఉండే ఇనుములో కొంత హీమ్ అనే వలయాకార అణువులో ఇమిడి ఉండి, పేగు గోడల గుండా సులువుగా రక్తంలోకి చేరుతుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఆ రూపంలో ఉండదు. గింజలు మొలకెత్తడం కోసం భాస్వరాన్ని దాచుకునే రూపమైన ఫైటిక్ ఆమ్లం దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది, టీలోని టానిన్లు కూడా అదే పని చేస్తాయి. అందుకే తోటకూరలో ఎంత ఇనుము ఉందన్నది సగం ప్రశ్నే. దానిలో ఎంత ఒంటబట్టిందన్నది మిగిలిన సగం. ఆ మిగిలిన సగాన్ని మార్చే శక్తి విటమిన్ సి చేతిలో ఉంది. అది ఇనుమును కరిగే రూపంలో ఉంచి, ఫైటిక్ ఆమ్లం పట్టు నుంచి తప్పించి, ఒంటబట్టే మోతాదును రెండు మూడు రెట్ల దాకా పెంచగలదు. అయితే ఈ విటమిన్ వేడికి నిలవదు గనుక, పప్పులో నిమ్మరసం పొయ్యి మీద ఉండగా కాక దించిన తర్వాత పిండాలి. పులుపు కోసం వాడే చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఎక్కువే గాని విటమిన్ సి అంతంతమాత్రమే. నిమ్మ, ఉసిరి, పచ్చి మామిడి ఆ విషయంలో దాని కన్నా మేలైనవి. కూరగాయల పేరెత్తితే ముఖం తిప్పుకునే పిల్లలు సైతం ఉప్పూకారం అద్దిన జామకాయను కాదనరు. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది గనుక, భోజనం ముగించి టీ తాగే అలవాటును గంటసేపు వెనక్కు నెట్టి ఆ చోట జామపండును పెట్టడం మంచి ఉపాయం.

నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం అనే మూడు పాత పద్ధతులూ ఇక్కడే అక్కరకు వస్తాయి. గింజ తడవగానే దానిలో ఫైటేజ్ అనే ఎంజైము, అంటే రసాయన మార్పును వేగవంతం చేసే మాంసకృత్తు, మేల్కొని ఫైటిక్ ఆమ్లాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. ఇడ్లీ పిండిలో పెరిగే సూక్ష్మజీవులు పుట్టించే ఆమ్లత్వం ఆ పనిని మరింత ముందుకు నడిపిస్తుంది.

మాంసం మానిన పిల్లలకు తల్లిదండ్రులు చాలాసార్లు పనీర్‌తో సర్దిపెడతారు. పనీర్ మాంసకృత్తులను, కాల్షియాన్ని బాగానే ఇస్తుంది, కాని దానిలో ఇనుము నామమాత్రం. పనసకాయ బిర్యానీ, పుట్టగొడుగుల వేపుడు నమలడానికి మాంసాన్ని తలపించినా, మాంసకృత్తుల విషయంలో అవి కూరగాయలే. పళ్లెంలో ముక్క ఆకారాన్ని నింపినది పోషకాన్ని కూడా నింపిందని అనుకోవడం ఈ మార్పులో అతి తరచుగా జరిగే పొరపాటు.

ఇక బి12 విటమిన్ సంగతి. దీన్ని బాక్టీరియా వంటి సూక్ష్మజీవులు మాత్రమే తయారుచేయగలవు. మనిషికి అది పాలు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారానే నమ్మకంగా అందుతుంది. భీమవరంలో 1895లో పుట్టి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలను నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో తయారుచేయగా, బి12ను విడదీయడం ఆయన కన్నుమూసిన 1948లోనే వేరే శాస్త్రవేత్తల చేతుల్లో జరిగింది. ఈ రెండు విటమిన్లూ రక్తకణాల తయారీలో చేదోడువాదోడుగా ఉంటాయి. ఆకుకూరలు, పప్పులు తినేవారికి ఫోలిక్ ఆమ్లపు సహజ రూపమైన ఫోలేట్ ధారాళంగా దొరకడం వల్ల, బి12 తక్కువైనా రక్తంలో ఆ లోపం వెంటనే బయటపడకపోవచ్చు. ఈలోగా నరాలు దెబ్బతినడం మొదలై అరికాళ్ల తిమ్మిర్లుగా, మతిమరుపుగా, ఎడతెగని నీరసంగా కనిపించవచ్చు. కాలేయంలో నిల్వ ఉన్న బి12 ఏళ్ల తరబడి సరిపోతుంది గనుక మానేసిన మొదటి సంవత్సరంలో ఏమీ తెలియదన్నది ధైర్యం చెప్పే విషయం కాదు, మోసం చేసే విషయం. రోజూ పాలూ పెరుగూ తీసుకుంటూ వారానికి నాలుగైదు గుడ్లు తినే పిల్లలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. పాలు కూడా మానేసేవారికి మాత్రం వైద్యుల సలహాతో బి12 మాత్ర తప్పనిసరి. పులిసిన ఇడ్లీపిండి, స్పైరులినా వంటివి ఆ లోటును తీరుస్తాయన్న ప్రచారాన్ని నమ్ముకోకూడదు.

పోషకాలు సరిపోయినంత మాత్రాన పిల్లలు తింటారన్న భరోసా లేదు. తెలుగువారు ఉగాది పచ్చడిలో ఆరు రుచులను గుర్తించినా వాటిలో చేరని మరో రుచిని 1908లో టోక్యోలో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు నుంచి వేరుచేశాడు. గ్లుటామేట్ వల్ల కలిగే ఆ రుచికి ఆయన ఉమామి అని పేరు పెట్టాడు; తెలుగులో కమ్మదనం అన్న మాట దానికి చాలా దగ్గరగా వస్తుంది. మాంసంలో గ్లుటామేట్‌తో పాటు ఇనోసినేట్ అనే మరో పదార్థం ఉంటుంది, ఈ రెండూ కలిసినప్పుడు కమ్మదనం కూడికగా కాక హెచ్చవేతగా పెరుగుతుంది. బాగా పండిన టమాటాలో గ్లుటామేట్, ఎండబెట్టిన పుట్టగొడుగుల్లో ఇనోసినేట్‌కు చుట్టమైన గ్వానిలేట్ ఉంటాయి గనుక, ఆ రెండింటినీ ఒకే కూరలో చేర్చినప్పుడు మాంసపు కూరకు ఉండే నిండుదనం చాలావరకు వస్తుంది. 1912లో లూయీ కమీ మయ్యార్ వివరించిన చర్య, అంటే వేడికి అమైనో ఆమ్లాలు చక్కెరలతో కలిసి గోధుమ రంగును, వేపుడు వాసనను పుట్టించడం, మాంసానికి ఎంత వర్తిస్తుందో శనగపప్పు వడకు, పెసరట్టు అంచుకు అంతే వర్తిస్తుంది. పప్పంటే పడదనే పిల్లలు మసాలా వడను, అలసంద గారెను, పునుగును వద్దనకపోవడం ఇందుకు నిదర్శనం. వారు కాదంటున్నది పప్పును కాదు, దాని మెత్తదనాన్ని, ఏకరీతి రుచిని.

మీల్ మేకర్ పేరుతో అమ్మే సోయా ముక్కలు ఈ దృష్టితో చూస్తే ఆసక్తికరమైనవి. నూనె తీసిన సోయాపిండిని తడిపి, అధిక వేడి, ఒత్తిడి మధ్య సన్నని రంధ్రం గుండా నెట్టినప్పుడు దానిలోని మాంసకృత్తులు పోగుల్లా సర్దుకొని, బయటికి రాగానే ఆవిరి తన్నుకుపోవడంతో స్పంజిలా ఉబ్బుతాయి. ఎండు ముక్కల బరువులో సగం మాంసకృత్తులే. పిల్లలు వీటిని చప్పటి రబ్బరు అని తోసివేయడానికి కారణం వంటలోని తొందర మాత్రమే. ఉప్పు వేసిన నీళ్లలో ఉడికించి, ఆ నీటిని పారబోసి, గట్టిగా పిండితే సోయా పచ్చివాసన పోతుంది. ఖాళీ అయిన స్పంజిలోకి పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, ధనియాల పొడి చొచ్చుకొనేలా అరగంట నానబెట్టి, తర్వాత ఎర్రగా వేపితేనే ముక్కకు రుచి పడుతుంది.

తిండి దగ్గర పిల్లల పేచీ అన్నిసార్లూ మొండితనం కాదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒకే పొడి కొందరికి విపరీతమైన చేదుగా, మరికొందరికి రుచే లేనట్టుగా తోస్తుందని గమనించాడు. దాని వెనుక ఉన్న జన్యువును 2003లో గుర్తించారు. క్యాబేజీ, కాలీఫ్లవర్ జాతి కూరగాయల్లోని కొన్ని పదార్థాలు ఆ జన్యువు రూపొందించే చేదు గ్రాహకాన్నే తాకుతాయి గనుక, తల్లికి తియ్యగా ఉన్న క్యాబేజీ కూర కూతురికి నిజంగానే చేదుగా ఉండవచ్చు. కొత్త రుచి అలవాటు కావడానికి చిన్న పిల్లలకు పది, పదిహేను సార్ల పరిచయం కావాలని పరిశోధనలు చెబుతున్నాయి; బలవంతం చేస్తే ఆ రుచి మీద విముఖత పెరుగుతుంది గాని తగ్గదు. అయితే మాంసంతో మొదలైన మానివేత అన్నానికి, నూనెకు, రాత్రి భోజనానికి పాకుతూ, బరువు వేగంగా తగ్గుతూ, అమ్మాయిల్లో నెలసరి తప్పుతూ ఉంటే అది రుచికి సంబంధించిన సంగతి కాదని గుర్తించి వెంటనే వైద్యులను సంప్రదించాలి.

కష్టమంతా ఆదివారం వస్తుంది. ఇల్లంతా మాంసం వాసనతో నిండినప్పుడు ఒక్కరి పళ్లెంలో నిన్నటి పప్పు కనిపిస్తే, ఎంత గట్టి నిర్ణయమైనా చిన్నబోతుంది. ఉల్లి, అల్లంవెల్లుల్లి, గసగసాలు, కొబ్బరి, చెక్క, లవంగం కలిసిన ముద్దను నూనె తేలేదాకా వేయించిన తర్వాతే ముక్కలు వేసేవారికి, ఆ ముద్దలో మూడోవంతును ముందే వేరే గిన్నెలోకి తీసి ఉడికించిన అలసందలనో మీల్ మేకర్‌నో అందులో వేయడం పది నిమిషాల పని. వంట ఒకటే అవుతుంది, రుచి ఒకటే అవుతుంది, బంతిలో ఎవరూ వేరు కారు. ఉలవచారు కాచే ఇళ్లలో మరో అవకాశం ఉంది. గంటల తరబడి ఉడికించి కట్టు వంచుకున్నాక ఉలవలను పశువులకు వేయడం పల్లెల్లో ఆనవాయితీ, కాని మాంసకృత్తులలో అధికభాగం, ఇనుములో అధికభాగం ఆ గింజల్లోనే మిగిలి ఉంటాయి. వాటిలో గుప్పెడు మెత్తగా రుబ్బి తిరిగి చారులో కలిపితే చారు చిక్కబడుతుంది. మిగిలినవాటిని ఎండుమిర్చి, కరివేపాకు తాలింపుతో గుగ్గిళ్లుగా వేయించి, దించాక నిమ్మకాయ పిండితే సాయంత్రం ఆటల నుంచి తిరిగివచ్చిన పిల్లల చేతికి ఆ గిన్నె అందుతుంది.