శోకదినాల ఉత్తరం

జవాబు కోరి వ్రాసే ఉత్తరాలు కొన్ని. వ్రాయనిదే మనసు కుదుటబడదని వ్రాసేవి కొన్ని. సెనెగల్ దేశపు రచయిత్రి మరియామా బా 1979లో ఫ్రెంచి భాషలో ప్రకటించిన నవల ఈ రెండవ తెగకు చెందినది. "ఇంత సుదీర్ఘమైన ఉత్తరం" అని దాని పేరు. పేరుకు సుదీర్ఘమేగాని, ఒక పూటలో చదివి ముగింపదగిన చిన్న పుస్తకం. వ్రాసినామె ఉపాధ్యాయిని, అందులో ప్రాణసఖికి ఉత్తరం వ్రాసే రామతులాయ్ కూడ ఉపాధ్యాయినియే. ఆఫ్రికా స్త్రీ ఒకతె తన జీవితాన్ని, మతాన్ని, సంఘాన్ని గూర్చి తానే నెమరువేసుకొంటే ఎట్లుంటుందో తెలియగోరేవారికి ఇంతకన్న దగ్గర దారి లేదు.

మరియామా 1929లో డకార్ నగరంలో జన్మించింది. పసితనంలోనే తల్లి పోగా అమ్మమ్మ, తాతల యింట పెరిగింది. ఆచారనిష్ఠ గల ఆ యింటిలో, ఆడపిల్లకు నాలుగక్షరాలు వచ్చిన తరువాత ఇక బడి ఎందుకన్న మాట లేచింది. తండ్రి ప్రభుత్వోద్యోగి, లోకం చూచినవాడు. తరువాతి కాలంలో ఆరోగ్యశాఖ మంత్రి అయినాడు. ఆయన పట్టుదల వల్ల చదువు సాగింది. ఫ్రెంచి బడికి పోతూనే సెలవులలో ఖురాను పాఠాలు నేర్చుకొనేది. బడికి పోతున్నదిగదా అని ఇంటిపనులనుంచి మినహాయింపు మాత్రం దొరకలేదు.

డకార్‌కు చేరువనున్న రుఫిస్క్ పట్టణంలో ఫ్రెంచివారు 1938లో బాలికలకొక ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల నెలకొల్పారు. పశ్చిమాఫ్రికాలోని ఫ్రెంచి వలసరాజ్యాలనుంచి ఏరికోరిన బాలికలు అక్కడ కలసి నివసించి చదువుకొనేవారు. ప్రవేశపరీక్షలో మరియామాది ప్రథమస్థానం. 1947లో పట్టా పుచ్చుకొని సుమారు పన్నెండేండ్లు పాఠాలు చెప్పింది. ఆరోగ్యం చెడగా విద్యాశాఖ తనిఖీ కార్యాలయానికి మారింది. ఒక రాజకీయ నాయకుని వివాహమాడి, తొమ్మిదిమంది బిడ్డల తల్లియై, విడాకులు పొందింది. తొలి నవల వెలువడేనాటికి ఆమెకు యాభై ఏండ్లు. ఆఫ్రికాలో ప్రచురితమయ్యే గ్రంథాలకై జపాను ప్రచురణకర్త ఒకరు నెలకొల్పిన నోమా బహుమతిని 1980లో మొట్టమొదట అందుకొన్నది ఆమెయే. మరుసటి సంవత్సరమే ఆమె కన్నుమూసింది.

ఇస్లాం ధర్మం ననుసరించి భర్త పోయిన స్త్రీ 4 నెలల 10 దినాలు శోకం పాటించవలెను. తెలుగునాట ముస్లిం కుటుంబాలలో ఇద్దత్ అనేది దీనినే. రామతులాయ్ భర్త మోదు గుండెపోటుతో హఠాత్తుగా మరణిస్తాడు. గడప దాటరాని ఆ దినాలలో ఆమె కలం పట్టుకొంటుంది. ఏకాంతం విధించింది మతం. ఆ ఏకాంతాన్ని ఆత్మపరీక్షకు వినియోగించుకొన్నది ఆమె.

మరణించినవాని ఆస్తిని పంచేముందు అతని లెక్కలు, రహస్యాలు బంధువులయెదుట విప్పవలెనన్నది అక్కడి ఆచారం. దానికి "మిరాస్" అని పేరు. మన పాత దస్తావేజులలో కనిపించే "మిరాసీ" పదానికి కూడ మూలమైన అరబ్బీ మాటయే అది. ఆనాడు బయటపడిన లెక్కలు ఏమి? పాతికేండ్ల కాపురం తరువాత, పన్నెండుమంది బిడ్డల తల్లిని వదలి, మోదు తన పెద్దకూతురి స్నేహితురాలైన బినెతు అనే విద్యార్థినిని పెండ్లాడినాడు. ఆ పిల్లకు కొత్త యిల్లు అమర్చడానికి బ్యాంకులో అప్పు చేశాడు. అప్పుకు తాకట్టుపెట్టినది రామతులాయ్ నివసిస్తున్న యింటినే. ఆ యిల్లు ఇద్దరి జీతాల పొదుపుతో కొన్నది. కాగితాలమీద ఉన్నది మాత్రం ఆయన పేరొక్కటే. పాఠకుని గుండెకు సూటిగా తగిలేది ఈ కాగితం సంగతియే. వలపు తరగిపోవడం ఒక దుఃఖం. ఇరవై యేండ్ల జీతం తనది కాకుండా పోవడం వేరొక దుఃఖం. రచయిత్రి ఈ రెంటినీ కలిపి కన్నీరుగా కరగనీయలేదు. బినెతును సైతం ఆమె నిందించదు. బీదరికంనుంచి బయటపడాలన్న తల్లి ఆశకు ఆ పిల్ల బలి. పెండ్లితో ఆమె చదువూ ఆగిపోయింది. ఆ వాక్యాలలో ఉపాధ్యాయిని మనసు కనిపిస్తుంది.

రెండవ పెండ్లి వార్తను రామతులాయ్‌కు చెప్పడానికి ఇమామ్‌తో కలసి మోదు అన్న తంసీర్, మిత్రుడు మావ్దో వస్తారు. అంతా దైవసంకల్పమంటారు. ఆమె లోపలి అలజడి పైకి కనబడనీయక వారికి కృతజ్ఞతలు చెప్పి పంపుతుంది. ఈ ఘట్టంలోనే పుస్తకపు ఆయువుపట్టున్నది. ఆమె విశ్వాసి. నమాజు విడువదు, శోకవిధులలో లోపం రానీయదు, దేవునితో ఆమెకు తగవు లేదు. దేవుని పేరు చెప్పి తమ కోరికలు చెల్లించుకొనేవారితోనే తగవు. భార్యలమధ్య సమదృష్టి చూపమన్న విధిని మరచి, నలుగురిని చేసుకొనవచ్చునన్న అనుమతిని మాత్రం జ్ఞాపకముంచుకొన్న మగవారిని ఆమె మతం లోపల నిలబడియే ప్రశ్నిస్తుంది. బయట నిలబడి రాయి విసరడం సులభం; ఇది అంత సులభం కాదు.

సెనెగల్ 1960లో స్వతంత్రమైంది. 1972 నాటి కుటుంబ స్మృతి ప్రకారం పెండ్లినాడు పురుషుడు తనకు ఏకపత్నీత్వమో బహుపత్నీత్వమో ప్రకటింపవలెను. ప్రకటింపకపోతే బహుపత్నీత్వమే వర్తిస్తుంది. నోరు మెదపనివాని మౌనం కూడ అతని పక్షానికే చేరుతుందన్నమాట!

ఉత్తరం అందుకొనే ఐసతుకు సైతం ఇటువంటి ఆపదయే వచ్చింది. ఆమె కంసాలి కూతురు. భర్త వైద్యుడైన మావ్దో. రాచవంశపు గర్వం గల అత్తగారు తమ కులపు పిల్లను పెంచి తెచ్చి కొడుక్కు కట్టబెట్టింది. ఐసతు నలుగురు కొడుకులను తీసుకొని గడపదాటింది. ఫ్రాన్సులో చదివి దుబాసీయై, అమెరికాలోని సెనెగల్ రాయబార కార్యాలయంలో ఉద్యోగం సంపాదించింది. రామతులాయ్ మాత్రం విడాకులు కోరలేదు. ఇందులో ఎవరిది ఒప్పు అన్నదానికి రచయిత్రి తీర్పు చెప్పదు. తాను విడాకులు పొందిన స్త్రీ, విడాకులు కోరని స్త్రీచేత కథ చెప్పించడం గమనింపదగినది.

ఉండిపోవడం ఊరక పడియుండడం కాదు. ఒంటరిగా సినిమాకు పోయి నలుగురి చూపులను ఎదుర్కొన్నది. బస్సులకోసం పడిగాపులు పడుతున్న సఖికి ఐసతు కారు కొని పంపగా, భయపడుతూనే నడపడం నేర్చుకొన్నది. నలుబదవ దినం గడవగానే తంసీర్ వచ్చి, శోకం ముగియగానే తాను పెండ్లాడతానన్నాడు. అప్పటికే అతనికి ముగ్గురు భార్యలు. ముప్పదియేండ్లు మింగిన మాటలన్నీ ఆనాడామె వెళ్ళగ్రక్కింది. తరువాత పూర్వపు అభిమాని, శాసనసభ్యుడు దావూదా వచ్చాడు. అతడు సజ్జనుడు, ఆమెకు గౌరవమున్నది. అయినా అతని భార్య యింట తాను రెండవదానిగా అడుగుపెట్టనని ఉత్తరం వ్రాసి పంపింది. మొదటి తిరస్కారంకన్న ఈ రెండవది కష్టమైనది, అందుచేతనే గొప్పది. జోస్యం చెప్పే పొరుగుదాని దృష్టిలో మాత్రం అది వట్టి తెలివితక్కువ.

ఆమె ఆదర్శనారి కాదు. కూతుళ్ళు పంట్లాములు తొడిగి చాటున సిగరెట్లు కాలిస్తే ఆమెకు ఒళ్ళుమండుతుంది. పెండ్లికాని కూతురు గర్భవతియైనట్లు తెలిసినపుడు మొదట దిక్కుతోచదు. పిమ్మట ఆ బిడ్డను అక్కున చేర్చుకొంటుంది.

ఆఫ్రికా కవులలో పలువురు నల్లనితల్లిని మాతృభూమికి ప్రతీకగా కీర్తించారు. ఆ కీర్తనలతో తృప్తిపడే కాలం పోయినదని మరియామా ఒక వ్యాసంలో నిర్మొగమాటంగా వ్రాసింది. ఈ నవలలోని తల్లి ప్రతీక కాదు. నెలజీతం, పన్నెండుమంది బిడ్డలు, తాకట్టుపడిన యిల్లు గల మనిషి.

శోకదినాలు ముగుస్తున్నవి. ఐసతు మరునాడు అమెరికానుంచి రానున్నది. కోటుగౌను తొడుక్కొని వస్తుందా, పొడుగాటి నిలువుటంగీతో వస్తుందా అని రామతులాయ్ పెద్దకూతురితో పందెం వేస్తుంది. తినడానికి బల్ల, కుర్చీ, ముళ్ళచెంచా అడుగుతుందేమోనని ఒక అనుమానం. అడిగినా సరే, చాప పరచి, పొగలు కక్కే పెద్ద పళ్ళెం నడుమ పెడతానని నిశ్చయించుకొంటుంది.