ఫిల్ము కడుగుట

స్టూడియోలో రీలు ఇచ్చి వచ్చినవారు "ఫిల్ము కడుగుటకు ఇచ్చినాము" అనుట నిజామాబాదు, బోధను ప్రాంతములలో ఒకప్పుడు పరిపాటి. ఉర్దూలోను "ధులవానా" అనుటయే వాడుక. నిజమునకు ఈ పనిలో మూడు దశలు కలవు: దాగిన బింబమును వెలికి తెచ్చుట, స్థిరపరచుట, కడుగుట. జనులు చివరి దశ పేరునే పని మొత్తమునకు పెట్టిరి. ఆ పేరెంత సార్థకమో ఇంటిలో మొదటిసారి 120 ఫిల్మును కడిగినప్పుడు మాకు బోధపడినది.

ఈ ఫిల్మును కొడాక్ సంస్థ 1901లో ప్రవేశపెట్టినది. వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు. వెనుక కాగితపు చుట్ట యుండును. అగ్ఫా క్లిక్-3 వంటి కెమెరాలో దీనిపై 12 చదరపు చిత్రములు వచ్చును. కాంతి సోకిన వెండి లవణపు స్ఫటికములలో కంటికి కానరాని మార్పు కలుగును. డెవలపరు వానిని నల్లని వెండిగా మార్చును. మిగిలిన లవణమును హైపో కరిగించి తొలగించును.

మొదటి పరీక్ష చీకటి. పదకొండవ శతాబ్దపు శాస్త్రజ్ఞుడు ఇబ్నుల్ హైథమ్ చీకటి గదిలోనికి సన్నని రంధ్రము గుండా వచ్చు కాంతిని పరిశీలించెను. మన గదికి ఆ రంధ్రము కూడ ఉండరాదు. కాగితము విడదీసి, ఫిల్మును స్పైరలు చక్రములోనికి ఎక్కించి, టాంకు మూత బిగించువరకు దీపము వెలిగింపరాదు. వెడల్పైన ఫిల్ము బలముగా నొక్కినచో ముడుచుకొని నెలవంక వంటి మచ్చ పడును. కావున ఒక పనికిరాని రీలుతో ముందుగా వెలుతురులోను, పిదప కన్నులు మూసికొనియు అభ్యసింపవలెను.

రెండవ పరీక్ష వేడిమి. హెచ్‌పి-5 ప్లస్ ఫిల్మునకు, నీరు కలుపని డి-76 ద్రావణములో, 20 డిగ్రీల వద్ద ఏడున్నర నిమిషములు పట్టును. ప్రతి నిమిషారంభమున పది సెకండ్లు టాంకును తలక్రిందులు చేయుచుండవలెను. వేడిమి హెచ్చినకొలది వ్యవధి తగ్గును. అయిదు నిమిషములకు తగ్గినచో బింబము సమముగా రాదు. మే నెలలో 40 డిగ్రీలు దాటు మన ఊరిలో ద్రావణముల సీసాలను మంచునీటి బేసినులో నిలుపక తప్పదు. చెరకు నరకు చలికాలమే ఈ పనికి అనువైనది.

తరువాత హైపో. ఫిల్ముపై పాలవంటి మసక తొలగుటకు పట్టిన కాలమునకు రెట్టింపు కాలము అందులో ఉంచవలెను. ఇక కడుగుట. గట్టిపరచు మందు కలుపని హైపో వాడినచో ఇల్‌ఫర్డ్ సంస్థ చెప్పిన పద్ధతి మన నీటి ఎద్దడికి తగినది: టాంకు నింపి అయిదుమార్లు త్రిప్పి పారబోయుట, మరల నింపి పదిమార్లు, మూడవసారి ఇరువది మార్లు. అర లీటరు టాంకునకు లీటరున్నర నీరు చాలును. చివర స్వేదనజలములో ముంచి ఆరవేసినచో ఉప్పునీటి మరకలు పడవు.

ఈ దశలో తొందరపడినచో ఆనాడు లోపము కనబడదు. ఏండ్లు గడచిన పిదప మిగిలిపోయిన రసాయనము బింబమును పసుపుపచ్చగా మార్చి, క్రమముగా తినివేయును. బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతబడినది. శక్కర్‌నగరులో చెరకు బండ్ల బారులను, కార్మికుల ఇండ్ల పెండ్లిండ్లను నాడు తీసిన నెగటివులు ఏ ట్రంకుపెట్టెలోనైన నుండవచ్చును. ఆ దృశ్యములను మరల తీయలేము. అవి నిలుచునా, మాయునా అనునది నాడు కడిగిన చేతుల ఓర్పుపై ఆధారపడి యున్నది.

విద్యార్థులారా! మీ ఇంట కడుగని పాత రీలు దొరికినచో దానితో ప్రయోగము ప్రారంభింపకుడు. క్రొత్త రీళ్లతో చేయి కుదిరిన పిమ్మటనే దానిని విప్పుడు. అది ఒక్కటే ప్రతి.